ముల్లు 55 మీదే ఉంది, విమానం మాత్రం ఎక్కలేదు

కొత్తరెక్కలు

లైసెన్సు చేతికొచ్చి ఏడు నెలలు. మొత్తం 94 గంటలు. జరిగి పది రోజులైంది, ఇంకా ఆ మధ్యాహ్నం కళ్లముందే తిరుగుతోంది. తిట్టేవాళ్లు తిట్టండి, కారణం చెప్పి తిట్టండి.

విమానం పాత సెస్నా 172పీ, 160 హార్స్‌పవర్. నాతో ఇద్దరు స్నేహితులు, వెనకాల వాళ్ల బ్యాగులు, ట్యాంకులు నిండుగా. బరువు లెక్క వేశాను. పరిమితి 2,400 పౌన్లు, మాది 2,370 వచ్చింది. ఎయిర్‌ఫీల్డ్ ఎత్తు 4,200 అడుగులు. తారు రన్‌వే, పొడవు 3,900 అడుగులు. ఎండ 36 డిగ్రీలు, ప్రెషర్ 1008, గాలి దాదాపు లేదు. పొద్దున అక్కడే దిగాం, ఏ ఇబ్బందీ లేదు. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం రెండున్నరకి.

థ్రాటిల్ పూర్తిగా తోశాను. స్పీడు పెరుగుతోంది కానీ బద్ధకంగా. స్పీడు డయల్ ముల్లు 55 నాట్లు (గంటకి నాటికల్ మైళ్లు) చూపగానే, రోజూ చేసేట్టే, ముక్కు ఎత్తాను. చక్రాలు నేల వదిలాయి. హమ్మయ్య అనుకున్నా. అంతే, అక్కడినుంచి ఎక్కదు. రన్‌వే చివర తెల్లగీతలు పది పదిహేను అడుగుల కిందనుంచి వెళ్లిపోయాయి. నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతున్నామో చూపే క్లైంబ్ ముల్లు సున్నాకీ వందకీ మధ్య ఊగుతోంది. మైలు దూరంలో కరెంటు తీగలు. భయంతో ఇంకాస్త ముక్కు లాగాను, స్పీడు 52కి పడింది, రెక్క పట్టు తప్పబోతోందని హెచ్చరించే స్టాల్ హార్న్ కూయడం మొదలైంది. లాగిన చేతిని అతికష్టం మీద వదిలాను. ఎడమవైపు నేల పల్లంగా ఉంటే మెల్లగా అటు తిప్పి, పల్లంలోకి దిగుతూ 70 తెచ్చుకున్నాక అప్పుడు ఎక్కింది. నిమిషానికి 150 అడుగులు, అదీ ఉంటే.

మెకానిక్ ఇంజన్ చూసి లోపమేం లేదన్నాడు. స్పీడు సరిపోయింది, బరువు పరిమితిలోనే ఉంది, ఇంజన్ బాగుంది. మరి ఏమైంది?

స్పానర్‌చేయి

ముందు రెండు ప్రశ్నలు. టేకాఫ్‌లో మిక్చర్, అదే గాలిలో కలిసే పెట్రోలు పాలు మార్చే నాబ్, ఎక్కడుంది? ఫుల్ థ్రాటిల్ కొట్టాక ఆర్‌పీఎం ఎంత చూపింది?

సిమ్‌రాజా

ఇందులో పెద్ద రహస్యమేం లేదు బ్రదర్. ఎత్తులో గాలి పలుచన. పలుచటి గాలిలో రెక్కకి ఎక్కువ స్పీడు కావాలి. నువ్వు 55 దగ్గర కాకుండా 62 దగ్గర ఎత్తి ఉండాల్సింది. నేను సిమ్యులేటర్‌లో ఎత్తు మీద ఎప్పుడూ ఏడెనిమిది నాట్లు కలుపుకుంటా, సూపర్‌గా లేస్తుంది.

పాతపైలట్

సిమ్‌రాజా గారూ, మొదటి రెండు మాటలూ నిజం. మూడోది కొంపలు ముంచుతుంది. పరీక్షలో కూడా సగం మంది ఇక్కడే తప్పుతారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఆ డయల్ స్పీడును కొలవదు. ముందుకి తెరిచి ఉండే పిటో గొట్టంలోకి గాలి ఎంత గట్టిగా గుద్దుతోందో కొలుస్తుంది. ఆ గుద్దుడును సముద్రమట్టం గాలి లెక్కలో నాట్లుగా మార్చి ముల్లుతో చూపిస్తుంది. రెక్క లేచేది కూడా ఆ గుద్దుడు మీదే. గాలి పలుచనైతే రెక్కకీ గొట్టానికీ ఒకేలా పలుచనవుతుంది. కాబట్టి ముల్లు 55 అంటే, ఏ ఎత్తులోనైనా రెక్క లేవడానికి తయారు. ఎత్తుకోసం ఏమీ కలపక్కర్లేదు.

కానీ అదే 55 చూపించాలంటే పలుచటి గాలిలో విమానం నిజంగా 62 నాట్లతో పరిగెత్తాలి. సిమ్‌రాజా గారి 62 అక్కడుంది, ముల్లు మీద కాదు, చక్రాల కింద. ముల్లు మీద కూడా 62 వచ్చేదాకా ఆగితే రన్‌వే ఇంకో నాలుగోవంతు పైనే మింగేస్తుంది. మన కొత్తరెక్కలకు అది లేదు.

ఇక అసలు ప్రశ్న. ముల్లు చూస్తే అంతా మామూలు. చేతికి కంట్రోల్స్ మామూలు. కంటికి మాత్రం రన్‌వే ఎప్పుడూ లేనంత వేగంగా వెనక్కిపోతుంది. ఈ రెండూ కలవక మనసు గందరగోళపడుతుంది. చిన్న విమానంలో ఎండ చేసే మోసం ఇదే. ఏ గేజీ ఎర్రగా మారదు.

లెక్కలమాస్టారు

అంకెలు ఇచ్చారు కాబట్టి వేసేద్దాం.

ప్రామాణిక వాతావరణం అంటే సముద్రమట్టంలో 15 డిగ్రీలు, 1013 హెక్టోపాస్కల్స్. పైకి పోయేకొద్దీ వెయ్యి అడుగులకి 2 డిగ్రీలు తగ్గుతుంది. విమానం పుస్తకంలో అంకెలన్నీ దీని మీద కట్టినవే.

మీ ప్రెషర్ 1008, అంటే 5 తక్కువ. ఒక్కోదానికి సుమారు 30 అడుగులు, 150. కాబట్టి ప్రెషర్ ఆల్టిట్యూడ్, అంటే ప్రెషర్ లెక్కన ఎత్తు, 4,350. ఆ ఎత్తులో ఉండాల్సిన వేడి 6 డిగ్రీల పైన కొంచెం. మీ దగ్గర ఉన్నది 36. దాదాపు 30 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగులు చొప్పున 3,600 దాకా. మొత్తం 7,900 చిల్లర.

అదే డెన్సిటీ ఆల్టిట్యూడ్. బోర్డు మీద 4,200 అని ఉన్నా, మీ ఇంజన్, ప్రొపెల్లర్, రెక్క మూడూ 7,900 అడుగుల గాలిలో పనిచేశాయి. అక్కడ గాలి సాంద్రత ప్రామాణికంలో 79 శాతం. టర్బో (గాలిని నొక్కి లోపలికి పంపే యంత్రం) లేని ఇంజన్ వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. 160లో మీకు మిగిలింది 120 గుర్రాలు. 40 గుర్రాలు గేటు దగ్గరే దిగిపోయాయి.

ఎత్తు లేకపోయినా లెక్క ఇదే. సముద్రం ఒడ్డున 40 డిగ్రీల ఎండలో నిలబడితే 25 డిగ్రీలు ఎక్కువ, 3,000 అడుగులు. నేల మీద ఉండగానే మూడువేల అడుగులు ఎక్కినట్టు.

కొత్తరెక్కలు

స్పానర్ గారూ, మిక్చర్ ఫుల్ రిచ్, అంటే పెట్రోలు పాలు పూర్తిగా ఎక్కువలో. చెక్‌లిస్టులో అలాగే ఉంది, నేర్పింది కూడా అలాగే. నేను నేర్చుకున్నదంతా సముద్రమట్టానికి దగ్గర్లో. ఆర్‌పీఎం చూశాను కానీ గుర్తులేదు, నిజం చెప్పాలంటే చూశానో లేదో కూడా గుర్తులేదు.

మాస్టారూ, 7,900 అని చూడగానే కడుపులో తిప్పింది. ఆ రోజు నేను వేసింది ఒక్క బరువు లెక్కే.

స్పానర్‌చేయి

అనుకున్నాను. ఇంజన్‌లో లోపం లేదు తమ్ముడూ, ఇంజన్‌కి పెట్టిన తిండిలో ఉంది.

కార్బురేటర్ గాలి బరువు చూసి పెట్రోలు కొలవదు. గాలి పలుచనైనా పెట్రోలు అంత తగ్గదు. ఫుల్ రిచ్‌లో ఉంచితే ఎనిమిదివేల అడుగుల గాలిలో ఇంజన్ గొంతుదాకా పెట్రోలు తాగి దగ్గుతూ తిరుగుతుంది. ఉన్న 120లోనూ ఇంకొన్ని గుర్రాలు పోతాయి. ఆ రోజు ప్లగ్గులు తీసి చూసి ఉంటే నల్లగా మసి ఉండేది, పందెం.

పద్ధతి చెబుతా. రన్‌వే ఎక్కేముందు బ్రేకులు గట్టిగా పట్టి ఫుల్ థ్రాటిల్. మిక్చర్ నాబ్ మెల్లగా వెనక్కి లాగు. ఆర్‌పీఎం పెరుగుతుంది, ఒక చోట ఆగుతుంది, ఇంకా లాగితే పడిపోతుంది. ఆ శిఖరం దగ్గరకి తెచ్చి, అక్కడినుంచి కొంచెం ముందుకి, ఇంజన్ నున్నగా తిరిగేదాకా. సెస్నా పుస్తకం 3,000 అడుగుల పైన టేకాఫ్‌కి ఇలా పెట్రోలు తగ్గించి లీన్ చేసుకోమనే చెబుతుంది. కింద, దట్టమైన గాలిలో, ఫుల్ పవర్ మీద ఇది చేయకు, సిలిండర్లు వేడెక్కుతాయి. పైన ఆ ప్రమాదం తక్కువ, ఎందుకంటే వేడెక్కేంత శక్తే లేదు.

ఇంకోటి. ఫిక్స్‌డ్ పిచ్ (రెక్కల కోణం మారని) ప్రొపెల్లర్ విమానంలో బ్రేకుల మీద వచ్చే ఆర్‌పీఎమ్మే నీ రసీదు. పుస్తకంలో హద్దు ఇచ్చి ఉంటుంది. అంత రాకపోతే బ్రేకు వదలకు.

గడ్డిరన్‌వే

అందరూ లెక్కల పుస్తకాలు తీశారు, సంతోషం. నేను 22 ఏళ్లుగా గడ్డి మీదనుంచి ఎగురుతున్నా, ఒక్కసారి కూడా డెన్సిటీ ఆల్టిట్యూడ్ వేయలేదు. ఇంజన్ చప్పుడు వింటే తెలుస్తుంది. అయినా ఆ పుస్తకంలో అంకెలు కొత్త విమానం, కొత్త ఇంజన్, టెస్ట్ పైలట్ చేతిలో వచ్చినవి. మన ముప్పైనలభై ఏళ్ల బండికి అవి ఎలా సరిపోతాయి?

లెక్కలమాస్టారు

సరిపోవు. అందుకే పుస్తకం అంకె మీద ఇంకా కలుపుకోవాలి, వదిలేయకూడదు.

బ్రిటన్ విమానయాన అథారిటీ చిన్న విమానాల పైలట్లకి సలహాగా ఇచ్చిన గుణకాలు ఉన్నాయి. ఎయిర్‌ఫీల్డ్ ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే టేకాఫ్ దూరం 10 శాతం పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే మరో 10. బరువు 10 శాతం పెరిగితే 20. ఎండుగడ్డి అయితే 20, తడిగడ్డి 30. రన్‌వే 2 శాతం ఎగువకి ఉంటే 10. ఇవి కూడికలు కావు, ఒకదాని మీద ఒకటి హెచ్చవేతలు. చివర్లో అంతా కలిపి 1.33తో గుణించమంటారు, పాత ఇంజన్, మామూలు చేయి, చిన్నాచితకా పొరపాట్ల కోసం. గడ్డిరన్‌వే గారు అడిగిన ప్రశ్నకి జవాబు ఆ 1.33.

172పీకి సముద్రమట్టంలో 50 అడుగుల అడ్డంకి దాటడానికి 1,625 అడుగులు. ఎత్తుకి 1.51, వేడికి 1.33. హెచ్చవేస్తే దాదాపు రెట్టింపు, 3,270. దానిమీద ఆ చివరి 1.33 వేస్తే 4,350. రన్‌వే 3,900. టేకాఫ్ అయితే అవుతుంది, మిగులు మాత్రం లేదు. ఇదంతా మిక్చర్ సరిగ్గా ఉంటే. మిక్చర్ ఫుల్ రిచ్ అయితే ఏ పట్టికలోనూ మీ అంకె దొరకదు.

గడ్డిరన్‌వే

సరే మాస్టారూ, 1.33 సంగతి ఒప్పుకున్నా. కానీ చప్పుడు తెలుస్తుందన్న మాట వెనక్కి తీసుకోను.

పాతపైలట్

తెలుస్తుంది, మీ రన్‌వే మీద. 22 ఏళ్లు ఒకే గాలిలో విన్న చెవి అది. వేరే ఎత్తుకి తీసుకెళ్తే అదే చెవి అబద్ధం చెబుతుంది.

1996 ఏప్రిల్ 11న అమెరికాలో షయెన్‌లో ఒక సెస్నా 177బీ టేకాఫ్ అవగానే కూలి ముగ్గురు పోయారు. ఆ విమానాశ్రయం ఎత్తు 6,156 అడుగులు. ఎండ కాదు, చలి, వాన, ఉరుములు. ప్రధాన తప్పు ఆ వాతావరణంలోకి ఎగరడమే. కానీ దర్యాప్తు తేల్చిన వాటిలో ఇంకో రెండున్నాయి. విమానం 96 పౌన్లు అధిక బరువుతో ఉంది. డెన్సిటీ ఆల్టిట్యూడ్ ఆ పైలట్‌కి అలవాటైనదానికంటే ఎక్కువ. "అలవాటైనదానికంటే" అన్నమాటే నాకు గుర్తుండిపోయింది. ఆయన అనుభవం లేనివాడు కాదు. కింద గాలికి అలవాటు పడ్డవాడు.

చలిగా ఉంది కదా అని ఎత్తును మర్చిపోకూడదని కూడా ఆ కేసు చెబుతుంది. అక్కడ లెక్క 6,670 వచ్చింది.

నిదానం

చదువుతున్నాను, భయమేస్తోంది. చిన్న సందేహం. ఉక్కపోత రోజుల్లో గాలి "బరువుగా" అనిపిస్తుంది కదా. తేమ ఎక్కువుంటే గాలి దట్టంగా ఉండి మేలే చేయాలి కదా?

లెక్కలమాస్టారు

బరువుగా అనిపించేది మనకి, చెమట ఆరక. గాలికి కాదు. నీటి అణువు భారం 18, పొడిగాలి సగటు 29. ఆవిరి చేరినకొద్దీ గాలి తేలికవుతుంది. 30 డిగ్రీల్లో గాలి పూర్తి తడిగా ఉంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ ఇంకో 500, 600 అడుగులు పెరుగుతుంది. పైగా ఆవిరి ఆక్రమించిన చోట ఆక్సిజన్ లేదు, కాబట్టి ఇంజన్‌కి విడిగా ఇంకో దెబ్బ. పట్టికల్లో మామూలుగా తేమకి గడి ఉండదు. ఎండ, ఎత్తులతో పోలిస్తే చిన్నదే, కానీ ఎప్పుడూ తప్పువైపే లాగుతుంది.

రోటర్‌బాబాయి

హెలికాప్టర్ వాడిని, మధ్యలో దూరుతున్నా. కొత్తరెక్కలు చెప్పిన "లేచింది కానీ ఎక్కలేదు" అన్నది మాకు రోజూ అన్నం పెట్టే సంగతి. మాకు రెండు పట్టికలుంటాయి, నేలకి దగ్గరగా నిలబడి తేలడానికి ఒకటి, నేల ఆసరా లేకుండా తేలడానికి ఇంకోటి. రెండో దాంట్లో మోయగల బరువు ఎప్పుడూ తక్కువ. మొదటిది చూసుకుని బయల్దేరి, ఆసరా పోయాక కిందికి జారినవాళ్ల కథలు మా దగ్గర బోలెడు.

రెక్కలున్న విమానానికీ అంతే. రెక్క పొడవంత ఎత్తులోపల నేల దగ్గర డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) తగ్గుతుంది, కింద పరుపు వేసినట్టుంటుంది. 120 గుర్రాలు ఆ పరుపు మీద తేలడానికి చాలాయి, దాటి పైకి రావడానికి చాల్లేదు. అప్పుడు ముక్కు లాగితే డ్రాగ్ ఇంకా పెరిగి మళ్లీ కూలబడతారు. మీరు చేతిని వదిలి, కిందే ఉండి 70 తెచ్చుకున్నారు చూడండి, ప్రాణాలు నిలిపింది అదే. పల్లం ఉండటం అదృష్టం.

2012లో అమెరికాలో ఐడహో కొండల్లో ఒక స్టిన్‌సన్ 108కి అచ్చం ఇలాగే జరిగింది, లోపల కెమెరా ఉంది. ఆరువేల అడుగుల పైన మట్టి రన్‌వే, వేసవి మధ్యాహ్నం, నలుగురు. డెన్సిటీ ఆల్టిట్యూడ్ తొమ్మిదివేల పైన. లేచింది, చెట్ల ఎత్తుకి మించి ఎక్కలేక అడవిలో పడింది. నలుగురూ బతికారు. వీడియోలో గుండె ఆగిపోయేది కూలిన క్షణం కాదు. అంతకుముందు అంతా ప్రశాంతంగా సాగిన ఆ కొన్ని నిమిషాలు.

సిమ్‌రాజా

నా 62 మాట వెనక్కి తీసుకుంటున్నా, పాతపైలట్ గారికి థాంక్స్. ఇంకో ప్రశ్న. టర్బో ఉంటే ఈ గొడవంతా ఉండదు కదా?

స్పానర్‌చేయి

ఇంజన్ గొడవ ఉండదు, ఒక ఎత్తుదాకా. రెక్కకీ ప్రొపెల్లర్‌కీ టర్బో ఎవరు బిగిస్తారు? అవి పలుచటి గాలినే కోయాలి, చక్రాలు 62తోనే పరిగెత్తాలి. సగం జబ్బుకే మందు.

గాలివాటం

గ్లైడర్లు ఎగరేస్తాను, మాకు ఎండే ఇంధనం. కాబట్టి ఎండని తిట్టడం ఇష్టం లేదు, కానీ ఈ చర్చలో రెండు విషయాలు రాలేదు.

ఒకటి, ఆ 36 డిగ్రీలు ఎక్కడిది? వాతావరణ కేంద్రంలో థర్మామీటరు నీడలో, గాలాడే పెట్టెలో, తారుకి దూరంగా ఉంటుంది. మీరు పరిగెత్తింది మధ్యాహ్నం రెండున్నరకి నల్లటి తారు మీద. చక్రాల ఎత్తులో గాలి ఇంకో అయిదు డిగ్రీలు ఎక్కువున్నా ఆశ్చర్యం లేదు. అంటే మరో 600 అడుగులు. మీ 172లో పైన కుడిమూల గాజులోంచి పొడుచుకొచ్చిన థర్మామీటరు ఉంటుంది, రన్‌వే మీద లైనప్ అయ్యాక ఓసారి తలెత్తి చూడండి.

రెండోది, సింక్. ఎండలో గాలి ఒకచోట లేస్తే పక్కన దిగాలి. మూడు నాట్ల సింక్ మాకు చాలా మామూలు, దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. మూడు నాట్లంటే నిమిషానికి 300 అడుగులు కిందికి.

లెక్కలమాస్టారు

మంచి మాట అందించారు. 172పీ సముద్రమట్టంలో నిమిషానికి 700 అడుగులు ఎక్కుతుంది. సర్వీస్ సీలింగ్ 13,000, అంటే ఆ ఎత్తులో ఎక్కే వేగం నిమిషానికి 100 అడుగులే మిగులుతుంది. మధ్యలో గీత గీస్తే 7,900 దగ్గర సుమారు 335. గాలివాటం గారి 300 తీసేస్తే 35.

ముల్లు మీద 70 అంటే అక్కడ నిజంగా 79 నాట్లు. 335 చొప్పున ఎక్కితే ఒక నాటికల్ మైలుకి 255 అడుగులు లేస్తాం. కొత్తరెక్కలు చెప్పిన 150 చొప్పున అయితే 115. మైలు దూరంలో తీగలు గుర్తున్నాయి కదా.

తిరగడం కూడా మారుతుంది. 30 డిగ్రీల వాలుతో తిరిగితే నిజమైన 70 నాట్లకి వ్యాసార్ధం 230 మీటర్లు, 79కి 290. ఇరుకు లోయలో ఆ 60 మీటర్లు రెండువైపులా, అంటే 120.

పాతపైలట్

కొత్తరెక్కలు మొదటి పోస్టులో "పొద్దున దిగాం, ఏ ఇబ్బందీ లేదు" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఉచ్చు అక్కడుంది.

దిగేటప్పుడు ఇంజన్‌తో పనిలేదు, బ్రేకులతో పని. మాస్టారు చెప్పిన అదే బ్రిటన్ సలహాలో ల్యాండింగ్ దూరానికి ఎత్తు గుణకం వెయ్యి అడుగులకి 5 శాతమే, వేడికి కూడా 5. టేకాఫ్‌లో సగం. కాబట్టి బయటికి రాలేని చోటికి హాయిగా లోపలికి వెళ్లిపోగలం. తలుపు లోపలికి తేలిగ్గా తెరుచుకుంటుంది. కొత్త చోటికి వెళ్లేముందు నేను మొదట వేసే లెక్క తిరుగు టేకాఫ్‌ది, మధ్యాహ్నం ఎండకి. అది కుదరకపోతే అసలు బయల్దేరను, లేదా రాత్రి అక్కడే పడుకునేలా వెళ్తాను.

ఈ ఎత్తు చోట్లలో మనుషులు దీనికి తగ్గట్టే కట్టుకున్నారు. నేపాల్‌లో లుక్లా చూడండి. 2,845 మీటర్ల ఎత్తు, రన్‌వే 527 మీటర్లు, దాదాపు 12 శాతం వాలు. ఎగువకి దిగుతారు, దిగువకి ఎగురుతారు, ఆ వాలే పోయిన గుర్రాల లెక్క భర్తీ చేస్తుంది. అమెరికాలో లెడ్‌విల్ 9,934 అడుగులు. చలికాలంలో పర్వాలేదు, 25 డిగ్రీల ఎండ పడితే లెక్క వేసి చూసుకోండి, 13,500 దాకా వస్తుంది. మన 172పీ సర్వీస్ సీలింగ్ అప్పటికే దాటిపోయింది. పార్కింగ్‌లో నిలబడి ఉండగానే.

నిదానం

పెద్ద విమానాలకి ఈ బాధ ఉండదా?

పాతపైలట్

ఉంటుంది. 2017 జూన్‌లో అమెరికాలో ఫీనిక్స్‌లో ఎండ 48 డిగ్రీలు దాటుతుందని కొన్ని చిన్న జెట్‌ల సర్వీసులు పదుల్లో రద్దు చేశారు. వాటి పట్టికలు 47.8 దగ్గర ఆగిపోతాయి. తేడా ఏమిటంటే అక్కడ డిస్పాచర్ (నేల మీద ప్రయాణ లెక్కలు చూసే ఉద్యోగి) లెక్కవేసి ఆపేస్తాడు. మన విమానానికి డిస్పాచర్, పైలట్, లోడర్ అన్నీ మనమే. మన 172 పట్టిక కూడా 40 దగ్గర అయిపోతుంది, చాలామంది చూసి ఉండరు.

గడ్డిరన్‌వే

సరే, ఇన్ని చెప్పారు. రన్‌వే మీద పరిగెడుతుండగా పట్టిక తీయలేం కదా. ఆ పది క్షణాల్లో కుర్రాడికి పనికొచ్చే మాట ఒకటి చెప్పండి. నేను చేసేది చెబుతా, సగం రన్‌వే దగ్గర ఒక గుర్తు పెట్టుకుంటా. అప్పటికి లేచే స్పీడులో 70 శాతం రాకపోతే థ్రాటిల్ వెనక్కి. మా గురువు నేర్పాడు, ఎందుకో చెప్పలేదు.

లెక్కలమాస్టారు

మీరు లెక్కలు వేయరని ఎవరన్నారు! దూరం స్పీడు వర్గాన్ని బట్టి పోతుంది. 0.7ని 0.7తో గుణిస్తే 0.49. సగం దూరంలో 70 శాతం వస్తే, మిగతా సగంలో మిగతాది వస్తుంది. కొత్తరెక్కలకి 55లో 70 శాతం అంటే 38, రన్‌వే సగం 1,950 అడుగులు. అక్కడ 38 లేకపోతే ఆపేయాలి, ఆపడానికి ఇంకా సగం రన్‌వే ఉంది.

ఒక్క సవరణ. ఇది లేవగలమా అన్నది చెబుతుంది, ఎక్కగలమా అన్నది చెప్పదు. రోటర్‌బాబాయి గారి పరుపు ఈ లెక్కలో లేదు.

స్పానర్‌చేయి

ముల్లు కూడా మొదట్లో పడుకునే ఉంటుంది, 40 కింద సరిగ్గా చదవలేం. కాబట్టి 38 అని కాకుండా "గుర్తు దగ్గరికి ముల్లు స్పష్టంగా 40 మీద ఉండాలి" అని పెట్టుకో.

కొత్తరెక్కలు

అందరికీ. రెండు వారాలు ఆగి రాస్తున్నా, ఎందుకంటే మళ్లీ అక్కడికే వెళ్లొచ్చాను. అదే విమానం, అదే రన్‌వే.

ఈసారి రాత్రి అక్కడే ఉండి, పొద్దున పావుతక్కువ ఆరుకి బయల్దేరాం. గాజు థర్మామీటరు 21 చూపింది. ప్రెషర్ 1011. నేనే లెక్క వేశాను, 6,000 వచ్చింది. మాస్టారు చూసి తప్పుంటే చెప్పండి. ట్యాంకులు సగం. ఒక్క స్నేహితుడు. బరువు 2,040.

బ్రేకుల మీద ఫుల్ థ్రాటిల్ కొట్టి ముందు ఫుల్ రిచ్‌లో చూశా, 2,190. నాబ్ లాగుతుంటే 2,280 దాకా పెరిగింది. తొంభై ఆర్‌పీఎం. ఆ రోజు నా చేతికి జానెడు దూరంలో ఉన్నాయవి. చప్పుడులో తేడా నిజంగానే తెలిసింది, గడ్డిరన్‌వే గారూ, కానీ రెండూ పక్కపక్కన వింటేనే.

సగం దగ్గర గుర్తుగా ఎడమవైపు విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) స్తంభం పెట్టుకున్నా. అక్కడికి ముల్లు 46. లేచింది, పరుపు మీద కాసేపు ఉంచి 70 తెచ్చుకున్నా, ఎక్కింది. నిమిషానికి 500కి దగ్గరగా. తీగలు ఈసారి ఎంత కిందున్నాయో చూడాలని ముందే అనుకున్నా. తీరా అక్కడికొచ్చేసరికి ముల్లు వైపే చూస్తూ ఉండిపోయాను.

లెక్కలమాస్టారు

6,000 సరిగ్గా వచ్చింది.

గడ్డిరన్‌వే

శభాష్. మరి రెండో స్నేహితుడు, ఆ బ్యాగులు?

కొత్తరెక్కలు

బ్యాగులన్నీ వేసుకుని కారులో వచ్చాడు. మాకంటే మూడు గంటలు ఆలస్యంగా. ఇంకా నాతో మాట్లాడటం లేదు.